ఓడినవాడే మట్ట లాగాలి

నిన్న సాయంత్రం వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతున్నాను. పక్కగదిలో నా కొడుకులిద్దరూ రెజ్లింగ్ ఆడుకుంటున్నారు. పెద్దాడు సాకేత్ గొంతు బొంగురు చేసి టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాడిలా అరుస్తున్నాడు, చిన్నాడు చిన్ను పకపకా నవ్వుతున్నాడు, మంచం కిర్రుమంటోంది, దిండ్లు గోడకి తగిలి దబ్బుమంటున్నాయి. ఇవన్నీ క్షేమంగా ఉన్నారని చెప్పే చప్పుళ్ళు కాబట్టి నా చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. నాకు ప్రమాదం తెలిసింది సరిగ్గా అప్పుడే. రెజ్లింగ్ చూసే అలవాటున్నవాళ్ళకి ఆ నిశ్శబ్దం తెలుస్తుంది. ఒకడు ఇంకొకణ్ణి పైకెత్తి, ఇంకా కిందికి వెయ్యకముందు, హాల్లో ఉన్న జనమంతా ఒక్క మనిషిలా ఊపిరి బిగపట్టే క్షణం అది.

కత్తిపీట పక్కకి నెట్టి పరుగెత్తాను. పీచు పరుపు మంచం మీంచి సగం కిందికి లాగి ఉంది. దాని అంచు గుడ్డ చిరిగి గోధుమరంగు కొబ్బరి పీచు బయటికి పొడుచుకొచ్చింది. పరుపులేని చెక్క మంచం చివర సాకేత్ నిలబడి ఉన్నాడు. చిన్నుని తలకిందులుగా ఎత్తి, వాడి తలని తన రెండు మోకాళ్ళ మధ్య ఇరికించి, నడుం చుట్టూ చేతులు బిగించాడు. ఇక వాడితో సహా కిందికి కూలబడటమే మిగిలింది. కింద ఉన్నది పరుపు కాదు, టైల్స్. చిన్ను నవ్వడంలేదు. వాడి చేతులు అన్నయ్య కాళ్ళని పట్టుకోవడం కూడా మానేసి ఊరికే వేలాడుతున్నాయి. సాకేత్ మొహం ఆడుకుంటున్నవాడి మొహం కాదు. పళ్ళు బిగించి ఉన్నాడు, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తాడని తెలుసు. మెల్లగా దగ్గరికెళ్ళి చిన్ను తల కింద రెండు చేతులూ పెట్టి, "వదలకు నాన్నా. గట్టిగా పట్టుకునే ఉండు. ఇప్పుడు మెల్లగా దించు" అన్నాను. చిన్ను నా ఒళ్ళోకి దిగాక, వాడి మెడ అటూ ఇటూ తిప్పి చూశాక, నా కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. సాకేత్ పక్కకి తప్పుకోలేదు. కళ్ళు మూసుకుని, "ప్రతిసారీ ఆడే గెలవాలా అమ్మా?" అన్నాడు.

చెయ్యి దిగిపోయింది. కువైట్ నుంచి మా ఆయన ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను. "ముందా టీవీ కనెక్షన్ పీకించెయ్. నువ్వు చూత్తన్నావు కాబట్టే ఆళ్ళు చూత్తన్నారు" అన్నారు. ఆయ్, అలాగే అన్నాను. పిల్లలు పడుకున్నాక చిరిగిన పరుపు అంచు సూదీ దారంతో కుడుతుంటే ఆ పీచు వాసన ముక్కుకి తగిలింది. కొంచెం మట్టి, కొంచెం ఉప్పు, ఎండకి మాగిన చెక్క వాసన. రాత్రంతా నిద్రపట్టలేదు. సాకేత్ మొహంలో నేను చూసింది ఇంకొకరి మొహం.

మా ఊరు ముక్తేశ్వరానికి దగ్గర. మా పెద్దనాన్నగారి కుటుంబం, మేము, మా మామ్మ, అందరం ఒకే లోగిలి. ఇంటి వెనకాల పెరడు కొబ్బరితోటలోకి ఎక్కడ కలిసిపోయేదో చెప్పలేం. దింపు రోజున చెట్ల మీంచి కాయలు ధబ్బు ధబ్బుమని నేలని గుద్దుతుంటే ఇంట్లో గిన్నెలు కూడా అదిరేవి. ఆ కాయల్ని రాశి పోశాక ఒలుపువాళ్ళు వచ్చేవారు. గునపాన్ని కొన పైకి ఉండేలా నేలలో పాతి, కాయని తలకిందులుగా దాని మీదికి దించి, ఒక్క మెలిక తిప్పితే కాయ మీది పీచు డొక్క చర్రుమని చీలేది. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే చప్పుడు, గుచ్చడం, చీల్చడం. సాయంత్రానికి పెరట్లో ఒక పక్క ఒలిచిన బోడికాయలు, ఇంకో పక్క మా ఎత్తుకి మించిన డొక్కల గుట్ట. వాన పడితే ఆ గుట్ట లోపల్నించి వెచ్చటి ఆవిరి వచ్చేది, కింద జెర్రులు చేరేవి, మా కాళ్ళకి ఎర్రటి పీచునీళ్ళ మరకలు అంటుకుని వారమైనా వదిలేవి కావు. ఆ గుట్టే మా రింగు. మూడు కొబ్బరిచెట్లకీ పశువులపాక గుంజకీ కొబ్బరితాడు చుడితే అదే రింగు తాడు.

మాకా పిచ్చి అంటించింది మామ్మ. శనివారం పొద్దున్నే వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్ళి ప్రదక్షిణలు చేసి, నుదుటిమీద కుంకం చెరగకుండా వచ్చి, సాయంత్రం కేబుల్ టీవీలో రెజ్లింగ్ వచ్చే వేళకి పీట వేసుకుని తెరకి మూరెడు దూరంలో కూర్చునేది. ఆవిడ ఒళ్ళో ఉపవాసం విడిచాక తినే కొబ్బరి లౌజు పళ్ళెం ఉండేది. మంచివాడు దెబ్బలు తింటున్నంతసేపూ ఆ పళ్ళేన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వాడు లేచి తిరగబడ్డాకే మాకు తలో ముక్కా. ఇంగ్లీషు పేర్లు మామ్మకి నోరు తిరగవు కాబట్టి అందరికీ తనే పేర్లు పెట్టుకుంది. మెడలో ఇనప గొలుసుతో వచ్చే కొండంత మనిషి గొలుసాయన, గళ్ళ చెడ్డీ వేసుకుని గంతులేసే చిన్న మనిషి మా పొట్టాడు. గొలుసాయన పొట్టాణ్ణి మూలకి తోసి, ఛాతీ మీద అరచేత్తో చరిచిన ప్రతిసారీ మామ్మ తన ఛాతీ పట్టుకునేది. గొలుసు పిడికిలికి చుట్టుకుని నుదుటి మీద గుద్దితే రక్తం కనుబొమ్మ మీంచి ముక్కు పక్కగా కారేది. రిఫరీ సరిగ్గా అప్పుడే ఇంకెటో చూసేవాడు.

"ఏవండీ రిఫరీగారూ! ఎనక్కి చూడండి, గొలుసు తీత్తన్నారండీ ఆయన! చూడరు. ఆయ్, చూడరు. జీతం మాత్రం తీసుకుంటారు."

గదిలో పడుకున్న పెద్దనాన్న అక్కణ్ణించే విసుక్కునేవాడు. "అదంతా ఉత్తుత్తిదే అమ్మా. ఎవరు గెలవాలో ముందే మాట్టాడుకుంటారు."

"మాట్టాడుకుంటే మాట్టాడుకున్నారు. రక్తం కూడా మాట్టాడుకునే కారుద్దా? కీచకుడు చత్తాడని తెలిసే కదరా తెల్లార్లూ నాటకం చూసేవు. మధ్యలో లేచొచ్చేసేవా?"

మామ్మ అన్న ఆ మాటకి మించిన జవాబు నాకు ఇన్నేళ్ళలో దొరకలేదు. కాలేజీలో స్నేహితురాళ్ళు, పెళ్ళయ్యాక మా ఆయన, అందరూ ఒకటే అడిగారు, అంతా ముందే రాసుకున్నది కదా ఏం చూస్తావని. రాసుకున్నది కాబట్టే చూస్తాను. క్రికెట్లో ఎవరు గెలిచినా ఎవర్నీ ఏమీ అనలేం. ఇక్కడ ఎవరో కూర్చుని ఈవేళ వీడు గెలవాలి, వాడు ఓడాలి అని నిర్ణయించారు. కాబట్టి ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని మనం తగువు పడొచ్చు. చిన్నవాడు గెలిస్తే చప్పట్లు కొడతాం, నిజమే, కానీ వాడు ముందు నలిగిపోవాలి. వాణ్ణి నలిపేవాడు నిజంగా నలపగలవాడని మనం నమ్మాలి. నమ్మాలంటే ఆ దుర్మార్గుడు నెలల తరబడి గెలుస్తూ రావాలి, గెలిచినవాడికిచ్చే బెల్టు ఎత్తి మన మొహాన ఊపాలి, మనకి కడుపు రగిలిపోవాలి. వారం వారం ఓడిపోయేవాడు దుర్మార్గుడు కాదు, బియ్యం బస్తా. బస్తాని ఎత్తి పడేస్తే ఎవరికి ఉత్సాహం?

ఈ చిన్న సూత్రం మా మామ్మకి తెలియదు. తెలిసినా ఒప్పుకునేది కాదు. ధర్మం ఒక్క శనివారం ఓడినా ఆవిడకి అన్నం సయించదు. టీవీలో ఆవిడ మాట చెల్లదు కాబట్టి ఆ కసి పెరట్లో తీర్చుకునేది. మా ఆటలో ఎవరు గెలవాలో నిర్ణయించేది మామ్మే.

ఆడేది ఇద్దరు. పెద్దనాన్న కొడుకు శీనన్నయ్య, నా తమ్ముడు రాంబాబు. శీనన్నయ్య అప్పటికే హైస్కూలు, వయసుకి మించిన ఒళ్ళు, మూతి మీద నూగుమీసం. రాంబాబు పిట్టంత ఉండేవాడు. కాబట్టి ఆటలో శీనన్నయ్య గొలుసాయన, రాంబాబు పొట్టాడు. ఆడపిల్ల రింగులోకి దిగడానికి మామ్మ ఒప్పుకోలేదు కాబట్టి నేను రిఫరీని. పడ్డవాడి భుజాలు నేలకి ఆనితే అరచేత్తో డొక్కల మీద చరుస్తూ మూడు లెక్కపెట్టడం నా పని. గెలిచినవాడికి ఇవ్వడానికి మా దగ్గర బెల్టు లేదు. అందుకని రాలిపడ్డ కొబ్బరిమట్ట ఒకటి తెచ్చి, గెలిచినవాణ్ణి దాని ఆకుల మీద కూర్చోబెట్టి, ఓడినవాడు మొదలు పట్టుకుని పెరడంతా లాగాలి అని పెట్టుకున్నాం. పాక చుట్టూ తిప్పి, పంపు పక్కనుంచి వీధిగుమ్మం దాకా. మట్ట నేలమీద సర్రుమని జారుతుంటే వెనకాల దుమ్ము లేచేది, వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవారు. బెల్టుకంటే అదే బాగుండేది.

"శీనయ్యా, పెద్దాడివి కదా నాన్నా, నువ్వు పడిపో. చిన్నాడు గెలిత్తే చూట్టానికి ముచ్చటగా ఉంటది."

"ఆయ్" అనేవాడు శీనన్నయ్య. పడిపోయేవాడు.

ఎంత బాగా పడేవాడో చెప్పాలి. రాంబాబు పిడికిలి తగిలీ తగలకముందే మెడ విరిగినట్టు తల వెనక్కి వాల్చేవాడు. గాల్లోకి లేచి, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు కంటే ముందు రెండు అరచేతులూ డొక్కలకి చరిచేలా పడేవాడు. ఆ చరుపు చప్పుడికి పాకలో గేదె బెదిరేది. రాంబాబుని పైకెత్తాల్సి వస్తే చెవిలో "ఎత్తనా?" అని అడిగేవాడు. వాడు "ఆయ్" అన్నాకే ఎత్తేవాడు, దించేటప్పుడు వాడి తల కింద తన మోచెయ్యి ఉంచేవాడు. ఎవరూ నేర్పలేదు. రెజ్లింగ్‌లో అసలు గొప్పతనం కొట్టేవాడిది కాదు, పడేవాడిది అని నాకు తెలిసింది శీనన్నయ్యని చూసే. ఎత్తినవాడి చేతికి అవతలివాడు తన మెడ అప్పగిస్తాడు. అంత నమ్మకం అన్నదమ్ముల మధ్య కూడా అరుదు.

పడి లేచి, ఒంటికంటిన పీచు దులుపుకుని, శీనన్నయ్య మట్ట లాగేవాడు. ఆదివారం పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నాక లాగేవాడు, అట్లతద్దికి మా ఊయల పక్కనుంచి లాగేవాడు, వానల్లో బురదలో జారుతూ లాగేవాడు. మట్ట మీద ఎప్పుడూ రాంబాబే. వాడు ఒక చెయ్యి పైకెత్తి, ఇంకో చేత్తో శీనన్నయ్యని అదిలించడం కూడా నేర్చుకున్నాడు. ఒకసారి శీనన్నయ్య నూతి గట్టు దగ్గర మామ్మ పక్కన కూర్చుని, చాలా మామూలుగా, "మామ్మా, ఒక్కసారి నేను గెలుత్తానే" అన్నాడు. 

"నువ్వు గెలిచి మట్టెక్కితే లాగేదెవరు నాన్నా? ఎడ్లని కట్టాలి" అంది మామ్మ. అందరం నవ్వాం. శీనన్నయ్య కూడా నవ్వాడు.

ఆ మాట రాంబాబు పట్టుకున్నాడు.

ఆ రోజు ఒలుపు జరుగుతోంది. పెరట్లో ఒలుపువాళ్ళు, కాయ కొనడానికి వచ్చిన షావుకారు, అరుగు మీద పెద్దనాన్న, పీట మీద మామ్మ. చూసేవాళ్ళు అంతమంది ఎప్పుడూ లేరు. రాంబాబుకి ఒళ్ళు తెలియలేదు. గుట్ట ఎక్కి, అచ్చం మామ్మలా గౌరవం పెట్టి మరీ ఎత్తిపొడవడం మొదలుపెట్టాడు. "రండి గొలుసుగారూ, రండి! మట్ట సిద్ధంగా ఉందండీ. తవరు గెలిత్తే లాగడానికి ఎడ్లకి కూడా కబురెట్టేవండీ. అవి మా వల్ల కాదన్నాయండీ!" షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒలుపువాళ్ళు కాయలు చేతుల్లోనే పట్టుకుని నవ్వారు. పెద్దనాన్న నవ్వాడు. శీనన్నయ్య అరుగు వైపు, నవ్వుతున్న తండ్రి వైపు ఒక్కసారి చూసి గుట్ట ఎక్కాడు.

రాంబాబు గుద్దాడు. శీనన్నయ్య పడలేదు. మళ్ళీ గుద్దాడు. పడలేదు. "పడవేంట్రా?" అంది మామ్మ. రాంబాబు వెనక్కి వెళ్ళి పరుగెత్తుకొచ్చి తలతో కడుపులో పొడిచాడు. శీనన్నయ్య ఆ తలని అలాగే పట్టుకున్నాడు. రెండు మోకాళ్ళ మధ్య ఇరికించాడు. అది గొలుసాయన ఆఖరి పట్టు. కొబ్బరికాయని గునపం మీదికి దించినట్టు ఉంటుందని మేము దాన్ని ఒలుపు పట్టు అనేవాళ్ళం. దాన్ని మా ఆటలో ఎప్పుడూ ఎవరూ వెయ్యలేదు. శీనన్నయ్య ఎత్తనా అని అడగలేదు. రాంబాబు కాళ్ళు గాల్లోకి లేచాయి. పెరడంతా నిశ్శబ్దమైపోయింది, గునపాల చప్పుడుతో సహా.

గుట్ట మెత్తగా ఉండేది మధ్యలోనే. అంచున డొక్కలు జారాయి. ఇద్దరూ కలిసి, రాంబాబు తల కిందుగా, కాళ్ళతో తొక్కితొక్కి గట్టిపడ్డ నేల మీదికి వచ్చిపడ్డారు. పచ్చిమట్ట విరిచినట్టు ఒక చప్పుడయింది. రాంబాబు మెడకీ భుజానికీ మధ్య ఎముక చర్మం కింద గుడారం గుంజలా పైకి లేచి ఉంది. వాడి నోట్లోంచి మట్టి, రక్తం, ఒక పన్ను వచ్చాయి. వాడి తల పక్కనే, నా అరచెయ్యి పట్టేంత దూరంలో, ఒలుపు గునపం కొన పైకి చూస్తూ ఉంది. అది ఆ పక్కన కాక ఇటుపక్కన పాతి ఉంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. నేను లెక్కపెట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

పెద్దనాన్న అరుగు దూకి వచ్చాడు. చేతికి దొరికింది మా మట్టే. ఆకులు తొక్కిపట్టి మొదలు విరుచుకుని, దాంతో కొట్టాడు. కొబ్బరిమట్ట మొదలు అంచు కత్తిలా ఉంటుంది. మొదటి దెబ్బ వీపు మీద పడింది, చొక్కా చిరిగింది. రెండోది చెవి మీద. ఆ చెవిలోంచి రక్తం మెడ మీదుగా జారి చొక్కా కాలర్లోకి దిగింది. మోచేతులు, పిర్రలు, మోకాళ్ళ వెనకాల, ఎక్కడ దొరికితే అక్కడ. "పసోణ్ణి చంపేత్తావా? చంపేత్తావా? పడరా! పడతావా లేదా?" అని రొప్పుతూ కొడుతున్నాడు. ఇన్నాళ్ళూ ఉత్తుత్తి దెబ్బలకి ఎగిరెగిరి పడ్డ శీనన్నయ్య ఆ నిజం దెబ్బలకి పడలేదు. నిలబడే ఉన్నాడు. చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. అమ్మ రాంబాబుని పొదివి పట్టుకుని ఏడుస్తోంది. అంత మంది మగవాళ్ళలో ఒక్కరు ముందుకి రాలేదు. కొడుకుని తండ్రి కొట్టుకుంటున్నాడు, మధ్యలో మనకెందుకు అన్నట్టు షావుకారు బోడికాయల వైపు తిరిగాడు. రిఫరీలు అందరూ ఇంకెటో చూస్తున్నారు.

మామ్మ పీట మీంచి లేచింది. నడుం పట్టుకుని నాలుగడుగులు వేసి, కొడుకుకీ మనవడికీ మధ్య మట్టిలో చతికిలబడింది. మట్ట ఆవిడ తల మీదుగా ఊగి ఆగింది. ఆవిడ పెద్దనాన్నని తిట్టలేదు, బతిమాలలేదు. కొడుకు వైపే చూస్తూ అరచెయ్యి ఎత్తి నేల మీద గట్టిగా చరిచింది.

"ఒకటి."

గాజులు చిట్లాయి.

"రెండు. మూడు. అయిపోయిందిరా పెద్దాడా. నువ్వే గెలిచేవు. రా, మట్టెక్కి కూకో. నేను లాగుతాను."

పెద్దనాన్న చేతిలోంచి మట్ట జారిపోయింది. శీనన్నయ్య అప్పుడు పడ్డాడు. గడ్డం ఆనించుకోకుండా, అరచేతులు చరచకుండా, నరికిన అరటిచెట్టులా పడ్డాడు.

ఇద్దర్నీ ఒకే కారులో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రాంబాబు ఎముక అతుక్కుంది గానీ ఎడమ భుజం కొంచెం దిగే ఉండిపోయింది. శీనన్నయ్యకి ఆ చెవి వినపడదు. శనివారం సాయంత్రాలు మా ఇంట్లో టీవీ పెట్టడం మానేశారు. లౌజు మాత్రం మామ్మ చేసేది, చేసిన వెంటనే అందరికీ పంచేసేది. గాయాలు మానాక ఒకరోజు ఎవరూ లేనప్పుడు ఆవిడ కొత్త మట్ట ఒకటి వెతికి తెచ్చి, "ఎక్కు నాన్నా" అంది. నేను పాక పక్కనే ఉన్నాను. వంగిపోయిన ఆ నడుంతో లాగడం ఆవిడ వల్ల కాదని ముగ్గురికీ తెలుసు. "వద్దులే మామ్మా" అని శీనన్నయ్య ఆ మట్టని తీసుకెళ్ళి పొయ్యిలోకి నరికాడు. పోయేముందు మామ్మకి చాలా సంగతులు మరుపొచ్చేశాయి. నన్ను చూసి మాత్రం అనేది, "ఆ పిల్లోణ్ణి ఒక్క శనివారం గెలవనియ్యాల్సిందే."

రెజ్లింగ్ కథలు రాసేవాళ్ళ గురించి అభిమానులం ఎన్నో మాట్లాడుకుంటాం. అంతకంటే సరైన విమర్శ నేనెక్కడా వినలేదు.

ఇప్పుడా పెరట్లో సిమెంటు చేశారు. డొక్కలు కుప్పగా పడి వానకి తడిసే మాటే లేదు, ఒలిచిన సాయంత్రమే ట్రాక్టరొచ్చి పీచు మిల్లుకి ఎత్తుకుపోతుంది. అవే కాబోలు నా పిల్లల పరుపై తిరిగొస్తున్నాయి. శీనన్నయ్య మలికిపురం నుంచి కాయ లోడు తోలే లారీ నడుపుతాడు. దారిలో మా ఇంటి ముందు ఆగి పిల్లలకి బొండాలు దించిపోతాడు. "మావయ్యా, ఎత్తుకో" అని చిన్ను చేతులు చాపితే ఆయన నవ్వుతూ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి, వాడి తలకి తన తల ఆనిస్తాడు. తన కూతుర్ని కూడా ఆయన ఎత్తుకోగా ఎవరూ చూడలేదు. రాంబాబు ఒక్కడే, వాలిన భుజంతో ఆయన పక్కన నడుస్తూ, వినపడని చెవి వైపు చేరి, ఏవండీ గొలుసుగారూ అని ఇప్పటికీ పిలుస్తాడు. అది ఆయనకి వినపడదని వాడికి తెలుసు.

షోలు కూడా అవి కావు. నేనిప్పటికీ చూస్తాను, పిల్లలు బడికి వెళ్ళాక ఫోన్లో చూస్తాను, శని, ఆదివారాలు వాళ్ళతో కలిసి చూస్తాను. సగం సేపు మైకు పట్టుకుని మాట్లాడుకోవడమే. బెల్టులు ఇత్తడి చెంబుల్లా ఇంటికొకటి. అవన్నీ సహించవచ్చు. నేను సహించలేనిది ఒకటుంది. ఎవరూ పడి ఉండరు. మా రోజుల్లో ఆఖరి పట్టు పడిందంటే ఆఖరే. మనిషిని మోసుకుపోవాలి, మళ్ళీ కొన్ని వారాల దాకా వాడు కనపడకూడదు. ఇప్పుడు నిచ్చెన మీంచి బల్ల మీదికి, తలకిందులుగా, మెడ మీద పడేసినా రెండు లెక్కకి భుజం లేపేస్తాడు. జనం కేరింతలు. నిమిషంలో ఇంకో నాలుగు పట్లు, ఇంకో నాలుగుసార్లు లేవడం. పడటం ఆ మనుషులకి ఎంత పనో, ఎన్నేళ్ళు నేర్చుకుంటారో పిల్లలకి తెలియదు. వాళ్ళకి కనపడేది ఒక్కటే. ఏం చేసినా అవతలివాడు లేస్తాడు.

సాకేత్ అదే నమ్మాడు. కానీ వాడు మంచం అంచుదాకా వెళ్ళింది టీవీ వల్ల కాదు. అది నాకు పరుపు కుడుతున్నప్పుడు తెలిసింది. పెద్దాడివి కదా, నువ్వు పడిపో నాన్నా, వాడు ఏడుస్తున్నాడు, అన్నం వేళైంది. ఈ మాట ఆ గదిలోకి తొంగిచూసిన ప్రతిసారీ అన్నది నేను. మామ్మ పీట మీద ఇప్పుడు కూర్చున్నది నేను. కనెక్షన్ పీకించినంత మాత్రాన ఆ పీట ఖాళీ కాదు.

ఈ పొద్దున్న పాలగ్లాసులతో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను. సాకేత్ నా మొహంలోకి చూడలేదు. దెబ్బలు ఆలస్యంగా పడతాయని ఎదురుచూస్తున్నవాడిలా భుజాలు బిగించుకున్నాడు. ముందు శీనన్న మావయ్య చెవి సంగతి, రాంబాబు మావయ్య భుజం సంగతి చెప్పాను, అన్నీ దాచకుండా చెప్పాను. చిన్ను మీగడ మూతితో నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత, "ఎత్తేముందు అడగాలి. అవతలివాడు ఆయ్ అనాలి. అనకపోతే ఆట ఆగిపోవాలి. తల నేలవైపు ఉండే పట్టు ఈ ఇంట్లో లేదు, ఎప్పటికీ లేదు" అన్నాను. ఇద్దరూ తలూపారు. లేచి మా మంచం మీది మందపాటి దుప్పటి తెచ్చి నేల మీద పరిచాను.

"ఈవేళ అన్నయ్య గెలుస్తాడు."

సాకేత్ తలెత్తాడు. చిన్ను మూతి వంకర తిరిగింది. "మరి నేనేడిస్తే?"

"ఏడువు నాన్నా. ఏడ్చినా అన్నయ్యే గెలుస్తాడు. నేను మూడు లెక్కపెట్టేదాకా నువ్వు లేవకూడదు. అయిపోయాక అన్నయ్య ఈ దుప్పటి మీద కూచుంటాడు. బరువుంటాడు, నీ ఒక్కడి వల్లా కాదు. ఇద్దరం లాగుదాం, రా."